బార్లీ గింజ నుంచి బొక్కసం దాకా: చెక్ దేశపు బీరు లెక్క

చెక్ రిపబ్లిక్ మధ్య ఐరోపాలో సముద్రతీరం లేని చిన్న దేశం. విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కొద్దిగా తక్కువ. జనాభా కోటీ 9 లక్షలకు అటూ యిటూ. ఈ దేశంలో 2024లో తలసరి బీరు వినియోగం 126 లీటర్లు. పసిపిల్లలను, అసలు తాగనివారిని కూడా కలిపి తీసిన సగటు యిది. ఈ విషయంలో ఆ దేశం మూడు దశాబ్దాలుగా ప్రపంచంలో మొదటి స్థానం వదలలేదు. అయితే తాగేది ఎంత అన్నది ఒక లెక్క. దానివల్ల దేశానికి మిగిలేది ఎంత అన్నది మరొక లెక్క. మొదటిది అందరికీ తెలుసు. రెండవది వేసి చూడడం సరకుల మార్కెట్టును అర్థం చేసుకోగోరేవారికి మంచి పాఠం.

2019లో చెక్ బ్రూవరీలు సుమారు 2 కోట్ల 16 లక్షల హెక్టోలీటర్ల బీరు తయారు చేశాయి. హెక్టోలీటరు అంటే 100 లీటర్లు. కొవిడ్ కారణంగా పానశాలలు మూతపడిన 2020లో ఉత్పత్తి 2 కోట్ల 1 లక్షకు తగ్గింది. అంటే ఒక్క ఏడాదిలో సుమారు 7 శాతం పడిపోయింది. ఉత్పత్తిలో దాదాపు నాలుగో వంతు విదేశాలకు వెళ్తున్నది. మిగిలినదంతా స్వదేశంలోనే ఖర్చవుతున్నది.

టర్నోవరు వేరు, అదనపు విలువ వేరు

ఒక పరిశ్రమ దేశానికి ఎంత సంపాదించి పెడుతున్నదో చెప్పేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాటు ఒకటి వున్నది. రైతు అమ్మకం, మాల్టు మిల్లు అమ్మకం, బ్రూవరీ అమ్మకం, పానశాల అమ్మకం అన్నీ కూడి పెద్ద మొత్తం చూపిస్తారు. ఇది ఒకే సొమ్మును నాలుగుసార్లు లెక్కించడం.

ఉదాహరణకు రైతు 100 కొరూనాల బార్లీ అమ్మాడనుకుందాం. కొరూనా చెక్ నాణెం. మాల్టు మిల్లు దానిని మాల్టుగా మార్చి 180కి అమ్మింది. బ్రూవరీ బీరు కాచి పన్నులు కాక 500కు అమ్మింది. పానశాల యజమాని గ్లాసుల్లో పోసి, పన్నులు కాక, 1,500 రాబట్టాడు. ఈ నాలుగు అమ్మకాలు కూడితే 2,280 వస్తుంది. కాని కొత్తగా పుట్టిన విలువ అంత లేదు. రైతు దగ్గర 100, మిల్లు దగ్గర 80, బ్రూవరీలో 320, పానశాలలో 1,000, వెరసి 1,500. చివరి వినియోగదారుడు పెట్టిన ఖర్చు కూడ అంతే. ఆర్థికవేత్తలు అదనపు విలువ అనేది దీనినే. ఈ అంకెలు కేవలం లెక్క బోధపడడానికి చెప్పినవి. అయినా వీటిలో ఒక నిజం వున్నది: గొలుసులో అన్నిటికంటె పెద్ద ముక్క బ్రూవరీ దగ్గర కాదు, పానశాల దగ్గర పుడుతున్నది. వడ్డించేవాడి జీతం, గది అద్దె, వంటవాడి కూలి అన్నీ అక్కడే వున్నాయి. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాతి కథంతా తేలికగా బోధపడుతుంది.

ఉద్యోగాల లెక్క కూడ యిలాంటిదే. బ్రూవరీ గేటు లోపల పనిచేసేవారు కొద్ది వేలమందే. పెద్ద బ్రూవరీలలో సీసాలు నింపేది, పీపాలు కడిగేది, పెట్టెలు పేర్చేది యంత్రాలే. బయట వున్నవారు వీరికి ఎన్నో రెట్లు: బార్లీ, హాప్స్ రైతులు, గాజు, పీపాలు, అట్టపెట్టెలు చేసేవారు, లారీలవారు, పానశాలల సిబ్బంది. దేశపు పరిశ్రమలలో మొదటి స్థానం మోటారు వాహనాలది. బీరు దాని దరిదాపులకు రాదు. అయినా కార్ల ఫ్యాక్టరీ లేని పల్లెలో కూడ పానశాల వుంటుంది. బీరు గొలుసు విలువ దాని పరిమాణంలో కంటె దాని వ్యాప్తిలో ఎక్కువగా వున్నది.

బార్లీ: రెండు ధరల గింజ

బీరుకు మూలం మాల్టు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలకను సరైన సమయానికి వేడిగాలితో ఆరబెడితే మాల్టు అవుతుంది. 100 కిలోల బార్లీకి సుమారు 80 కిలోల మాల్టు దిగుతుంది. సాధారణ రకం బీరు ఒక హెక్టోలీటరుకు దాదాపు 16 కిలోల మాల్టు పడుతుంది. అంటే 20 కిలోల బార్లీ. హెక్టారుకు 5 టన్నుల దిగుబడి అనుకుంటే, ఒక హెక్టారు పంట 250 హెక్టోలీటర్ల బీరు అవుతుంది. అరలీటరు గ్లాసుల్లో చెప్పాలంటే 50 వేల గ్లాసులు. సుమారు 200 మంది చెక్ పౌరులకు ఏడాది పొడుగునా సరిపోయే సరకు రెండున్నర ఎకరాలలో పండుతున్నదన్న మాట.

దేశపు తూర్పు భాగమైన మొరావియాలోని హనా మైదానం బార్లీకి పేరు పొందింది. అయితే పండిన గింజంతా మాల్టుకు పనికిరాదు. గింజలో మాంసకృత్తులు 11 లేక 11.5 శాతం దాటితే మిల్లులు వెనకాడతాయి. మొలకశక్తి తగ్గినా అంతే. మిల్లు కాదన్న గింజ పశువుల దాణా ధరకు పోతుంది. ఒకే పొలం, ఒకే పెట్టుబడి. వాన కాస్త అటూ యిటూ అయితే ధర రెండవ మెట్టుకు దిగుతుంది. అందువల్ల రైతు దృష్టి దిగుబడి మీద కంటె నాణ్యత మీద ఎక్కువగా వుంటుంది.

చెక్ మిల్లులు ఏటా 5 లక్షల టన్నుల పైచిలుకు మాల్టు తయారు చేస్తున్నాయి. ఇందులో దాదాపు సగం ఎగుమతి అవుతున్నది. విదేశాలలో అక్కడివారే కాచే బీరులో కూడ చెక్ గింజ వుండడానికి కారణం యిదే. మరుగబెట్టిన తర్వాత మిగిలే పిప్పి సైతం వృథా కాదు. హెక్టోలీటరుకు సుమారు 20 కిలోల తడి పిప్పి మిగులుతుంది. అది పశువుల దాణాగా చుట్టుపక్కల డెయిరీలకు చేరుతున్నది.

హాప్స్: బరువు తక్కువ, పేరు ఎక్కువ

బీరుకు చేదును, సువాసనను యిచ్చేది హాప్స్ అనే తీగ కాయ. ఒక హెక్టోలీటరుకు కొన్ని వందల గ్రాములే పడుతుంది. ఖర్చులో దాని వాటా స్వల్పం. కాని చెక్ దేశానికి ప్రపంచ మార్కెట్టులో పేరు తెచ్చిన సరకు యిదే. హాప్స్ సాగులో అమెరికా, జర్మనీల తర్వాత మూడవ స్థానం చెక్ రిపబ్లిక్‌ది. విస్తీర్ణం సుమారు 5 వేల హెక్టార్లు. ఇందులో అత్యధిక భాగం సాజ్ రకం. జాటెట్స్ పట్టణానికి జర్మన్ భాషలో వున్న పేరు సాజ్. పండినదానిలో సుమారు 80 శాతం ఎగుమతి అవుతుంది. జపాను, చైనా, జర్మనీ ముఖ్యమైన ఖాతాదారులు. 2007లో జాటెట్స్ హాప్స్‌కు ఐరోపా సంఘం నుంచి ప్రాంతీయ రక్షణ గుర్తింపు లభించింది. 2023లో ఆ పట్టణమూ, చుట్టూ వున్న హాప్స్ తోటలూ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

ఈ తోట చూడడానికి విచిత్రంగా వుంటుంది. సుమారు 7 మీటర్ల ఎత్తు స్తంభాలు నాటి, వాటి మీద తీగ లాగి, అక్కడి నుంచి నేలకు వేలాడే తీగలపైకి మొక్కను పాకిస్తారు. వసంతంలో ఒక్కొక్క మొలకను చేత్తోనే తీగకు చుట్టాలి. ఆగస్టు చివర కోత మొదలవుతుంది. కోసిన కాయను వెంటనే ఆరబెట్టాలి. ఒకసారి వేసిన తోట యిరవై ఏళ్ళు నిలుస్తుంది. మిరప ధర పడిపోతే గుంటూరు రైతు మరుసటి ఏడు పత్తి వేసుకోవచ్చు. స్తంభాలకూ తీగలకూ పెట్టుబడి పెట్టిన జాటెట్స్ రైతుకు ఆ వెసులుబాటు లేదు. అందుచేతనే ఈ సరకులో యార్డు వేలం కంటె కొన్ని ఏళ్ళ ముందే కుదుర్చుకునే ఒప్పందాలకు ప్రాధాన్యం ఎక్కువ.

ఒప్పందం ధరను కాపాడుతుంది గాని వానను కురిపించదు. 2021లో చెక్ హాప్స్ పంట సుమారు 8,300 టన్నులు. పాతికేళ్ళలో అంత పంట లేదు. మరుసటి ఏడు 2022లో ఎండలు ముదిరి, వానలు ముఖం చాటెయ్యడంతో పంట సుమారు 4,450 టన్నులకు పడిపోయింది. హెక్టారుకు సగటున 1.66 టన్నుల నుంచి 0.9 టన్నులకు దిగడమంటే రైతు పెట్టుబడి తగ్గకుండానే రాబడి సగమైందన్న మాట. వేడి ఎక్కువైన ఏడు కాయలో చేదు పదార్థం కూడ తగ్గుతుంది. సాజ్ రకంలో అది మామూలుగానే 3 నుంచి 4 శాతం మాత్రమే. అందువల్ల బ్రూవరీ అదే చేదు కోసం ఎక్కువ కిలోలు వాడాలి. తూకమూ తగ్గి, పసా తగ్గితే కొరత రెండింతలుగా కనిపిస్తుంది. ఈ ముప్పు చూసే కొందరు రైతులు ఎండకు తట్టుకునే కొత్త రకాల వైపు, బిందు సేద్యం వైపు మళ్ళుతున్నారు. అయితే సాజ్ పేరు మీద వస్తున్న గిరాకీ కొత్త రకానికి వెంటనే రాదు. అది వారి అసలు చిక్కు.

బ్రూవరీ ఎవరిది? లాభం ఎవరిది?

పిల్సెన్ పట్టణంలో 1838లో పౌరులు చెడిపోయిన బీరు 36 పీపాలను పురపాలక భవనం ముందు పారబోశారు. ఆ తర్వాత బీరు కాచే హక్కున్న పౌరులు కలిసి కొత్త బ్రూవరీ కట్టుకున్నారు. బవేరియా నుంచి రప్పించిన జోసెఫ్ గ్రోల్ 1842 అక్టోబరులో అక్కడ మొదటిసారి కాచిన బంగారు రంగు బీరే పిల్స్‌నర్. నేడు ప్రపంచంలో అమ్ముడవుతున్న లేతరంగు లాగర్ బీర్లలో ఎక్కువ భాగానికి అది మూలపురుషుడు.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత బ్రూవరీలన్నీ ప్రభుత్వపరమయ్యాయి. 1989లో కమ్యూనిస్టు పాలన ముగిసిన తర్వాత మళ్ళీ ప్రైవేటు చేతుల్లోకి వచ్చాయి. పిల్సెన్ బ్రూవరీని 1999లో దక్షిణాఫ్రికాకు చెందిన ఎస్.ఏ.బి. కంపెనీ కొనుక్కున్నది. 2017లో జపానుకు చెందిన అసాహి కంపెనీ పరమైంది. చెక్, పోలండ్, హంగరీ, స్లొవేకియా, రుమేనియా దేశాలలోని వ్యాపారాలన్నీ కలిపి అసాహి చెల్లించిన ధర 730 కోట్ల యూరోలు. ప్రాగ్‌లోని స్టారోప్రామెన్ 2012 నుంచి మోల్సన్ కూర్స్ చేతిలో వున్నది. క్రుషోవిట్సె హైనెకెన్‌ది.

ఇక్కడ రెండవ పాఠం వున్నది. చెక్ గడ్డ మీద తయారైన బీరు విలువంతా ఆ దేశపు స్థూల దేశీయోత్పత్తిలో చేరుతుంది. కాని విదేశీ యజమానికి పంపిన లాభం స్థూల జాతీయాదాయంలో నుంచి తీసివేయబడుతుంది. మొదటి అంకె చూసి సంతోషించేవారు రెండవ అంకె కూడ చూడాలి. అయితే విదేశీ యజమాని వల్ల నష్టమే జరిగిందనడం కూడ సరికాదు. జీతాలు, బార్లీ ధర, పన్నులు దేశంలోనే మిగిలాయి. కొత్త యంత్రాలకు పెట్టుబడి వచ్చింది. విదేశీ అంగడి తలుపులు తెరుచుకున్నాయి. దేశం దాటింది లాభం మాత్రమే.

ఇందుకు భిన్నమైనది చెస్కె బుద్యెయొవిట్సె పట్టణంలోని బుద్వార్. 1895లో ఏర్పడిన ఈ బ్రూవరీ నేటికీ ప్రభుత్వ సంస్థ. వ్యవసాయ మంత్రిత్వ శాఖ కింద వున్నది. ఆ పట్టణానికి జర్మన్ పేరు బుడ్వైస్. ఆ పేరుతోనే 1876 నుంచి అమెరికాలో బుడ్వైజర్ అమ్ముతున్న కంపెనీతో దీనికి శతాబ్దానికి పైగా పేరు తగాదా నడిచింది. అందుచేత అమెరికాలో చెక్ సంస్థ తన బీరును చెక్‌వార్ అనే పేరుతో అమ్ముకోవలసి వచ్చింది. సరకు నాణ్యతతోపాటు పేరు కూడ ఆస్తి అని ఈ తగాదా చెబుతున్నది. ఈ దృష్టితోనే 2008లో 'చెక్ బీరు' అన్న మాటకే ఐరోపా సంఘంలో భౌగోళిక గుర్తింపు సాధించారు.

వీటికి మరో చివర చిన్న బ్రూవరీలు వున్నాయి. పెద్దా చిన్నా కలిపి నేడు బ్రూవరీల సంఖ్య 500 దాటింది. ఉత్పత్తిలో చిన్నవాటి వాటా కొద్దిపాటిది. కాని లాభం వున్న ఊళ్ళోనే మిగులుతుంది.

అరలీటరు గ్లాసులో పన్ను

చెక్ దేశంలో ఎక్సైజు సుంకం బీరులోని మాల్టు సారం డిగ్రీలను బట్టి వేస్తారు. 2010 నుంచి మామూలు రేటు హెక్టోలీటరుకు డిగ్రీ ఒక్కంటికి 32 కొరూనాలు. అంతకుముందు 24 వుండేది. 10 డిగ్రీల బీరుకు హెక్టోలీటరు మీద 320 కొరూనాలు. అరలీటరు మీద 1.60 కొరూనాలు. 12 డిగ్రీల బీరుకు అరలీటరు మీద 1.92. ఏడాదికి 10 వేల హెక్టోలీటర్ల లోపు తయారు చేసే స్వతంత్ర బ్రూవరీకి సగం రేటు, అంటే డిగ్రీకి 16 కొరూనాలే. అక్కడి నుంచి 2 లక్షల హెక్టోలీటర్ల దాకా మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఆల్కహాలు లేని బీరుకు ఈ సుంకం లేదు. మామూలు ద్రాక్ష సారాయానికి కూడ ఎక్సైజు సుంకం సున్నాయే. బీరుకు వేసి దానికి వెయ్యకపోవడం ఏమి న్యాయమన్నది బ్రూవరీల చిరకాలపు ఫిర్యాదు.

అయితే సామాన్యుడు యిచ్చే అసలు పన్ను ఎక్సైజు కాదు. విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్. కొవిడ్ దెబ్బ తిన్న పానశాలలకు ఊరటగా 2020 మేలో గ్లాసు బీరు మీద వ్యాట్‌ను 21 నుంచి 10 శాతానికి తగ్గించారు. ప్రభుత్వ లోటును తగ్గించే చర్యలలో భాగంగా 2024 జనవరి 1 నుంచి మళ్ళీ 21 శాతానికి పెంచారు. దాని ఫలితం చూద్దాం. పానశాలలో 10 డిగ్రీల బీరు గ్లాసు 60 కొరూనాలు, అదే బీరు దుకాణంలో సీసా 18 కొరూనాలు అనుకుందాం.

పాత రేటు ప్రకారం 60లో వ్యాట్ 5.45. ఎక్సైజు కలిపితే ప్రభుత్వానికి 7.05. కొత్త రేటు ప్రకారం వ్యాట్ 10.41, ఎక్సైజు కలిపి 12.01. దుకాణం సీసాలో వ్యాట్ 3.12, ఎక్సైజు కలిపి 4.72. అంటే అదే బీరు పానశాలలో తాగితే బొక్కసానికి వచ్చేది ఇంట్లో తాగినదానికి రెండున్నర రెట్లు.

ధర మార్చని యజమానికి వ్యాట్ పోగా చేతికొచ్చేది 54.55 నుంచి 49.59కి తగ్గింది. పాత రాబడి నిలబెట్టుకోవాలంటే గ్లాసు 66 చెయ్యాలి. ఆరు కొరూనాలు పెంచితే గిరాకీ తగ్గుతుంది. పెంచకపోతే లాభం తగ్గుతుంది. చిన్న పల్లెలోని పానశాల ఈ రెంటి మధ్య నలుగుతున్నది.

గ్లాసు నుంచి సీసాకు

మరి ప్రభుత్వానికి లాభమా, నష్టమా? గ్లాసు 60 దగ్గరే వున్నదనుకుని పై లెక్కను పొడిగిస్తే, ప్రతి 100 గ్లాసులలో 68 ఇంటి సీసాలకు మారితే తప్ప బొక్కసానికి పాత రాబడి కంటె తక్కువ కాదు. అంత మార్పు ఒక్కసారిగా వచ్చేది కాదు. అందువల్ల పన్ను పెంపు ప్రభుత్వ ఖాతాలో గెలుపే. కాని ఈ లెక్కలో పానశాల సిబ్బంది జీతం మీది పన్ను లేదు, సామాజిక బీమా చందా లేదు, బీరుతోపాటు అమ్ముడయ్యే భోజనం లేదు. అవి కూడ కలిపితే గెలుపు అంచు బాగా సన్నబడుతుంది.

వ్యాట్ ఒక్కటే కారణం కాదు. గ్లాసు నుంచి సీసాకు జరుగుతున్న వలస పాతదే. 2010కి ముందు అమ్మకాలలో దాదాపు సగం పానశాలల్లో జరిగేది. నేడు అది మూడో వంతుకు మించడం లేదు. 2017లో పానశాలల్లో పొగ తాగడం నిషేధించారు. కొవిడ్ కాలంలో జనం ఇంట్లో తాగడం అలవాటు చేసుకున్నారు. 2022లో ఇంధనం ధరలు మండిపోయాయి. దీనికితోడు మొత్తం వినియోగమే తగ్గుతున్నది. 2019లో తలసరి 142 లీటర్లు వుండేది 2023లో 128కి, 2024లో 126కి దిగింది. యువతరం తక్కువ తాగుతున్నది. ఆల్కహాలు లేని బీరు వైపు మొగ్గుతున్నది.

లీటర్లు 2019 నుంచి అయిదేళ్ళలో సుమారు 11 శాతం తగ్గాయి. బ్రూవరీకి యిది పెద్ద దెబ్బే. అయినా సీసాగానో, ఎగుమతిగానో కొంత సర్దుకుంటుంది. పానశాలకు ఆ దారి లేదు. ముందు చెప్పిన 1,500లో 1,000 ముక్క ఎక్కడ పుట్టిందో, ఆ చోటే కుదించుకుపోతున్నది. దేశపు బీరు ఉత్పత్తి అంకె నిలకడగా వున్నా, బీరు వల్ల పుట్టే ఆదాయం అందులో కనిపించకుండా తరిగిపోవచ్చు.

జమతోపాటు ఖర్చు కూడ

ఏ పద్దు పుస్తకంలోనైనా రెండు వైపులు వుంటాయి. బీరు వల్ల వచ్చే రాబడి ఒక వైపు అయితే, ఆల్కహాలు వల్ల వచ్చే జబ్బులు, ప్రమాదాలు, పోయిన పనిదినాలు రెండవ వైపు. ఈ ఖర్చు బ్రూవరీ పద్దులో పడదు. ఆసుపత్రి పద్దులో, కుటుంబం పద్దులో పడుతుంది. వినియోగం తగ్గడం పరిశ్రమకు నష్టమే గాని దేశానికి పూర్తిగా నష్టమని చెప్పలేం. ఎక్సైజు రాబడి చూపించి తాగుడును సమర్థించడం ఎంత తప్పో, పల్లెలో మూతపడిన పానశాలతో పోయిన జీవనాధారాన్ని లెక్కించకపోవడం కూడ అంతే తప్పు.

మొత్తం మీద చెక్ బీరు నేర్పే పాఠం సరకుల మార్కెట్టులో ఎక్కడైనా పనికివచ్చేదే. ఒక సరకు దేశానికి ఎంత యిస్తున్నదో తెలుసుకోవాలంటే ఎన్ని టన్నులు పండింది, ఎన్ని లీటర్లు తయారైంది అన్న ప్రశ్నతో ఆగరాదు. ఏ మజిలీలో ఎంత విలువ చేరింది, ఆ విలువ ఎవరి చేతికి పోయింది, చివరకు దానిని ఎక్కడ ఖర్చు చేశారు అన్న మూడు ప్రశ్నలు అడగాలి. జాటెట్స్ రైతుకు వాన కావాలి, పిల్సెన్ బ్రూవరీకి ఎగుమతి కావాలి, పల్లె పానశాలకు సాయంత్రం వచ్చి కూర్చునే నలుగురు మనుషులు కావాలి. ఈ మూడింటిలో ప్రభుత్వం చట్టంతో తెప్పించలేనిది రెండు; పన్నుతో పోగొట్టుకోగలిగినది ఒకటి.